నవ్వుతూ అడిగిన మాట

"పెళ్లి చేసుకుందామా?" అని ఇనోకే అడిగినప్పుడల్లా ఉలామిలా నవ్వేసేది.

అందులో ఆమె తప్పేమీ లేదు. ఇద్దరి దీవులూ తౌవూ వరస. ఫిజీలో ఆ వరసవాళ్లు ఒకరినొకరు ఎంత ఏడిపించుకున్నా కోపం తెచ్చుకోకూడదు. రాజధాని సువాలోని ఆ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఆమె చేరిన రోజే అతను ఆమె డబ్బాలోంచి చేపముక్క తీసేసుకుని, "మీ దీవిలో ఉప్పు దొరకదా?" అన్నాడు.

"దొరికేది. మీవాళ్లు ఎత్తుకెళ్లారు," అంది ఆమె.

ఇక రోజూ అంతే. నాలుగుసార్లు పెళ్లి మాట ఎత్తాడు. నాలుగుసార్లూ నవ్వింది.

ఆ సోమవారం పొద్దున్నే వాన. ఉలామిలా అక్క దూరపు దీవిలో నర్సు. అక్కడి పసిపిల్లల జ్వరాలు, బరువుల వివరాలు కంప్యూటర్‌లో పెద్దాసుపత్రికి చేరడం ఆగిపోయింది. వెతికితే తప్పు వాటిని పంపే వీళ్ల ప్రోగ్రాంలో లేదు. అది రాసిన కంప్యూటర్ భాషతో పాటు వచ్చే, భద్రంగా కనెక్షన్ కలిపే లైబ్రరీలో, అంటే అందరూ వాడుకునే కోడ్‌లో ఉంది. దాన్ని ఎవరైనా సరిచేయవచ్చు. కానీ మరొకరు చదివి ఒప్పుకోవాలి. అలా ఒప్పుకునేవాళ్లలో ఇనోకే ఒకడు.

"సరిచేశాను, చూడు," అంది ఉలామిలా.

అతను చదివాడు. "నేనొప్పుకోను."

"పాపం, మీ దీవిలో చదువు చెప్పలేదేమో!"

"అవతలి కంప్యూటర్ గుర్తింపు పత్రం చూడకుండానే తలుపు తీసేశావు, ఉలా."

"నవ్వకుండా భలే చెప్తావు."

"నేను నవ్వట్లేదు. మీ అక్క పంపే పాప జ్వరం సంగతి ఎవడి చేతిలో పడుతుందో నీకు తెలుసా?"

ఆమె తలెత్తి చూసింది. అతని ముఖంలో నిజంగానే నవ్వు లేదు. తౌవూ మనిషి కోపాన్ని ఆమె చూడడం అదే మొదలు. తను రాసింది తనే చెరిపేసింది.

ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. మధ్యాహ్నానికి దొరికింది. ఉపగ్రహం మీదుగా ఆ పత్రం ముక్కలుముక్కలుగా వస్తోంది. లైబ్రరీ మొదటి ముక్క మాత్రమే చూసి, పత్రం చెల్లదని తలుపు మూసేస్తోంది. చివరి ముక్క వచ్చేదాకా ఆగేలా ఉలామిలా మార్చింది. ఇనోకే రెండుసార్లు చదివి ఒప్పుకున్నాడు. సరిచేసిన లైబ్రరీని ముందు అక్క కంప్యూటర్‌కే పంపారు.

మూడింటికి అక్క ఫోన్. "చేరాయట! పిల్లలందరివీ చేరాయట!"

ఫోన్ పెట్టేసి ఉలామిలా ఇనోకే వైపు తిరిగింది.

"పొద్దున ఒప్పుకోనన్నది నిజంగానే అన్నావు కదా?"

"అవును."

"మరి పెళ్లి మాట?"

"అదీ నిజమే. నాలుగుసార్లూ."

"నవ్వుతూ అడిగావు!"

"భయమేసి నవ్వాను. నువ్వు కాదంటే ఎలాగని."

"తౌవూ వాళ్ల మాట ఎవరు నమ్ముతారు?"

"సరే. శనివారం మా పెదనాన్న తంబువాతో మీ ఇంటికొస్తాడు. అప్పుడు నమ్ముతావా?"

తంబువా అంటే పిల్లనడిగేటప్పుడు ఇచ్చే తిమింగలం పన్ను; దాన్ని చేతబట్టి ఫిజీలో ఎవరూ హాస్యమాడరు. ఉలామిలా ముఖం ఎర్రబడింది. కీబోర్డు మీద లేని దుమ్ము తుడిచింది.

"పొద్దున వద్దు. నాన్న చర్చి పనిమీద వెళ్తాడు," అంది మెల్లగా. "మధ్యాహ్నం రమ్మను."

ఇనోకే అప్పటికే పెదనాన్నకి ఫోన్ కలుపుతున్నాడు.