నడిమి గదిలో నిమ్మకాయ

బొబ్బిలి పక్కన మా ఊళ్లో, జగన్నాధం మేడ మీద నడిమి గదికి చీకటి పడ్డాక ఎవరూ వెళ్లరు. గృహప్రవేశం జరిగి ఏడాది తిరగలేదు, అప్పుడే ఆ గదికి చెడ్డపేరు వచ్చింది. బీరువా తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. కింద పెట్టిన బంతి పెట్టినచోట ఉండదు...

ఆ గదిలో ఏదో ఉందని జగన్నాధం భార్య నీలవేణి కళింగపట్నంలో పుట్టింటికి వెళ్లిపోయింది. వెళ్తూ ఒక్క మాటే అంది.

"మా తమ్ముడు ధనరాజు ఆ గదిలో ఒక రాత్రి పడుకుని, ఏటీ నేదని సెప్తేనే వస్తాను."

అప్పటినుంచి జగన్నాధం తన వంట తనే తింటున్నాడు. పగవాడికి కూడా వద్దు ఆ శిక్ష.

ధనరాజు ధైర్యవంతుడే. కోళ్లఫారం నడుపుతాడు, వేల కోళ్లు అతన్ని చూసి భయపడతాయి. బావ రమ్మంటే వచ్చాడు. ఆ రాత్రి జరిగింది అతను చెప్పిందే. సగం తీసేసి చెబుతున్నాను.

గదిలో గుమ్మానికి అవతలి చివర చాప వేసుకున్నాడు. ఎందుకైనా మంచిదని గుమ్మం దగ్గర ఒక నిమ్మకాయ పెట్టాడు. లైటు ఆర్పాడు.

వీధిలో ఇటుకల లారీ వెళ్లింది. నేల సన్నగా వణికింది.

కిర్ర్... బీరువా తలుపు తెరుచుకుంది.

ధనరాజు అటే చూస్తున్నాడు. ఇటు ఏదో కదిలింది. నిమ్మకాయ — కాపలా పెట్టిన నిమ్మకాయే — అతని వైపు వస్తోంది. వచ్చి కాళ్ల దగ్గర ఆగింది.

తీసుకెళ్లి మళ్లీ గుమ్మం దగ్గర పెట్టాడు. మళ్లీ వచ్చింది.

"బావా..." మెట్ల వైపు తిరిగి కేకేశాడు. "బావా, నిమ్మకాయ నన్నే సూస్తంది!"

కింద పడుకున్న జగన్నాధం పక్కకి ఒత్తిగిల్లాడు. "నువ్వూ దాన్నే సూడు. తెల్లారిపోద్ది."

ధనరాజు మెట్లు దిగి వచ్చానంటాడు. దొర్లి వచ్చాడని ఎదురింటివాళ్లంటారు.

పొద్దున్నే జగన్నాధం విజయనగరం నుంచి రేఖ అనే ఇంజినీరమ్మని పిలిపించాడు. ఆమె నీళ్లు నింపిన గొట్టంతో గది రెండు వైపులా మట్టం చూసింది.

"ఈ నేల రెండు బీముల మీద ఉందండీ. గుమ్మం వైపు బీము తిన్నగా ఉంది. అవతలది కిందకి వంగింది. అందుకే బంతైనా నిమ్మకాయైనా అటే దొర్లుతుంది, బీరువా తలుపూ తెరుచుకుంటుంది."

"ఇల్లు కూలిపోద్దా?"

"కూలదు. ఆ ఒక్కదాన్నే చూస్తే ఆ వంపు ఫర్వాలేదు. పక్కదానితో పోలిస్తేనే తేడా మరీ ఎక్కువ. రెండూ సమానంగా వంగి ఉంటే మీకు తెలిసేదే కాదు."

మా వీధిలో మనుషులూ అంతే, పక్కవాడితో పోల్చుకుంటేనే తేడా. ఇంజినీర్లు ఆ తేడాకీ లెక్క కట్టారని నాకు అప్పటిదాకా తెలియదు.

"కాంక్రీటు గట్టిపడకముందే ఆ బీము కింద కర్రలు తీసేశారా?" అని రేఖ అడిగింది.

జగన్నాధం గోడకేసి చూశాడు.

తీశాడు. గౌరమ్మ సంబరానికి మన వీధి పందిరి పక్క వీధి పందిరి కంటే ఎత్తుగా ఉండాలని, ఆ బీముకి ఆసరాగా నిలబెట్టిన సరుగుడు కర్రలన్నీ లాగించేశాడు. పందిరికి అవి చాలాయి కాబట్టి రెండో బీము బతికింది. కర్రలు ముట్టుకోవద్దని నీలవేణి అప్పుడే గట్టిగా చెప్పింది. ముట్టుకోలేదని ఆమె మీదే ఒట్టేశాడు.

నేల మట్టం చేయించుకోమని చెప్పి రేఖ వెళ్లిపోయింది. జగన్నాధం బామ్మర్ది చెయ్యి పట్టుకుని గుసగుసలాడాడు.

"ఒరే, దెయ్యమే ఉన్నాదని మీ అక్కకి సెప్పరా."

"దెయ్యముంటే రాదు కదా, బావా?"

"దెయ్యమైతే ఇయ్యాల కాకపోతే రేపు మీ అక్క వస్తాది. కర్రల సంగతి తెలిస్తే జన్మలో రాదు!"

ధనరాజు ఫోన్ చేశాడు.

"అక్కా... నిజమే. దెయ్యం ఉన్నాది."

అవతల సముద్రం హోరు మధ్య నీలవేణి అడిగింది.

"ఆడదా, మగదా?"

దీనికి జవాబు బావ నేర్పలేదు. ధనరాజు నోటికొచ్చింది అనేశాడు.

"ఆడదే..."

ఫోన్ కట్టయింది.

ఆ సాయంత్రం బస్సుకే నీలవేణి దిగింది. మొగుడి మొహం కూడా చూడకుండా మేడెక్కి, ఎవరూ లేని నడిమి గదిలోకి ఒక్కతే వెళ్లి లోపల గడియ పెట్టుకుంది. మేమంతా మెట్ల కింద నిలబడి విన్నాం.

"ఎవర్తివే నువ్వు? నా ఇంట్లో నీకేటి పని?"

చాలాసేపు ఆమె గొంతే వినిపించింది.

తర్వాత... మెల్లగా... ఇంకో ఆడగొంతు జవాబు చెప్పడం మొదలుపెట్టింది.