ఏడో నంబరు నత్త

శుక్రవారం ఉదయం 10.50. మడుగు ఖాళీగా కనిపించింది.

పోయినవి నలభై ఒక్క పెర్లమూన్‌లు. అరచేతి వెడల్పున చెవి ఆకారంలో ఉండే సముద్రపు నత్తలు. ఆ రాతి తీరంలో మిగిలినవి అవే. ఆరేళ్ళుగా నోబంటు వాటిని ఫోటోలు తీస్తోంది. మడుగు జాడ తెలిసినది ఇద్దరికే: ఆమెకు, ఆమె భర్త సాండీసోకు.

సోమవారం నుంచి గురువారం మధ్యాహ్నం దాకా ఆమె మ్తాతా పట్నంలో ఉంది. ఆమె బదులు సాండీసో తీసిన ఫోటోలో, గురువారం 10.12కు, నలభై ఒక్కటీ ఉన్నాయి. పదకొండుకు అతను ఊరు వదిలి బస్సెక్కాడు. కాబట్టి దొంగతనం ఆ తర్వాతే జరిగింది. కాబట్టి అనుమానం నోబంటు మీద పడింది.

శనివారం ఉదయం సార్జెంట్ తెంబాకాజి ఆ ఫోటోను స్టేషన్ బల్ల మీద పరిచింది.

"ఎప్పుడు తీశావు, సాండీసో?"

"గురువారం. ఎన్నిసార్లు చెప్పాలి మేడమ్? టైమ్ ఫైల్లోనే ఉందిగా."

"కెమెరా గడియారం ఎటు తిప్పితే అటు తిరుగుతుంది."

"పోనీ, ఆటుపోట్ల పట్టిక చూడండి. గురువారం పదికి నీళ్ళు దిగలేదా?"

"దిగాయి. మంగళవారం తొమ్మిదికీ దిగాయి."

ఆమె కలం మొన ఫోటో మూలన ఆగింది. మడుగు గట్టున, రాతిని టోపీలా కరచుకున్న చిన్న నత్త. చిప్ప మీద ఎర్రటి గోళ్ళరంగుతో 7.

"ఇదేమిటి, నోబంటూ?"

"నేను గుర్తు పెట్టిన నత్త. మేతకు ఎంత దూరం పోయినా మళ్ళీ తన గుంటకే వస్తుంది."

తలుపు దగ్గర కూర్చున్న మాడ్లోమో లేచి వచ్చి కొంగుముడి విప్పింది. నీళ్ళు దిగే ఆటు సమయంలో రాళ్ళ మీద కూరకు నత్తలేరుకునే ముసలామె. ఖాళీ చిప్ప బల్ల మీద పడింది. ఎర్రటి 7.

"బుధవారం ఏరాను తల్లీ. ఎర్రరంగు పూసుకుని పెళ్ళికి బయల్దేరిందేమో అనుకున్నా. ఎంత ఉడకబెట్టినా పంటికి లొంగలేదు."

"మడుగులోకి చూడలేదా?" తెంబాకాజి అడిగింది.

"నా కూర గట్టునే దొరికితే, లోపలికి తొంగి చూడ్డమెందుకు?"

బుధవారం కుండలో ఉడికిన నత్త గురువారం రాతి మీద ఉండదు. ఫోటో అంతకు ముందుదే. అందరూ మడుగులోవి లెక్కపెట్టారు. గట్టున ఉన్నదాన్ని ఎవరూ చూడలేదు.

సాండీసో తల దించుకున్నాడు. "నిన్ను పట్టుకుంటారనుకోలేదు."

"అందుకేనా, గడియారాన్ని సరిగ్గా నేను తిరిగొచ్చే రోజుకు తిప్పావు?"

కానిస్టేబుల్ అతన్ని లోపలికి తీసుకెళ్ళాడు.

"ఇంటి దగ్గర దింపనా?" తెంబాకాజి అడిగింది.

నోబంటు కెమెరా అందుకుంది. గడియారాన్ని శనివారానికి సరిచేసింది.

"ఇంటికొద్దు. ఆటు ఎన్నింటికి?"

"పదకొండున్నరకి."

"మడుగు దగ్గర దింపండి. ఇవాళ్టి ఫోటో ఇంకా తీయలేదు."