కల్లం అంచున మేస్త్రి

ధనమ్మ ఎదుట ఆ కుక్కను "అది" అనడానికి ఊళ్లో ఎవరికీ ధైర్యం ఉండేది కాదు. "వాడు" అనాలి. పేరు పెట్టి మేస్త్రి అంటే ఇంకా మంచిది.

వెల్దుర్తికి పడమట, చేల మధ్యలో ధనమ్మ, బ్రహ్మయ్య దంపతుల మిర్చి కల్లం. కోసిన కాయను అక్కడ ఎండకు పరిచి, గలగలమని ఎండేదాకా పక్కనే మంచం వేసుకుని కాపలా కాయాలి. కూలికొచ్చిన ఆడవాళ్లు రంగు పోయిన తాలు కాయలు ఏరుతుంటే, తోక పైకెత్తుకుని కల్లం చుట్టూ తిరుగుతూ, ఒక్కొక్కరి దగ్గర ఆగి చూసుకుంటూ పోయేవాడు గనక వాడికి ఆ పేరు వచ్చింది. "మేస్త్రి వస్తన్నాడు, చేతులు ఆడించండే" అని హమీదా నవ్వేది. హమీదా ఏటా ఏరుడు పనికి వచ్చే మనిషి. ధనమ్మకు చెల్లెలు లేని లోటు తీర్చింది ఆమే.

మేస్త్రికి ఒక కట్టుబాటు ఉండేది. పిల్లి కనబడ్డా, ధనమ్మ చేతిలో కోడిగుడ్డు కనబడ్డా, పరిచిన కాయ మీద కాలు పెట్టేవాడు కాదు. అంచు వెంబడి చుట్టూ తిరిగే వచ్చేవాడు. ఎవరూ నేర్పింది కాదు. పిల్లగా ఉన్నప్పుడు ఒకసారి ఎండుకాయల్లో పడి దొర్లి, పాదాలు నాకుకుని, తెల్లవార్లూ ఏడ్చాడు. ధనమ్మ మజ్జిగలో గుడ్డ తడిపి ఆ కాళ్లు తుడుస్తూ కూర్చుంది. ఆ మంట వాడు మళ్లీ మరిచిపోలేదు. అంచున తిరిగినా ఘాటుకు తుమ్ము మాత్రం ఆగేది కాదు. రెండు తుమ్ములు తుమ్మి చెవులు టపటపా విదిలించేవాడు. చీకట్లో వాడొచ్చాడని తెలిసేది ఆ చప్పుడుతోనే.

ఆ మేస్త్రి పోయాడు. ఒక రాత్రి కట్లపాము మంచం వైపు పాకుతుంటే అడ్డం పడి దాన్ని ముక్కలు చేశాడు. కాటు కూడా తిన్నాడు. తెల్లారేసరికి ధనమ్మ ఒళ్లో తలపెట్టి, ఆమె చెయ్యి ఒకసారి నాకి, ఊపిరి వదిలేశాడు.

చచ్చిన కుక్కను కాలికి తాడు కట్టి వాగులోకి ఈడ్చేయడం ఊరి ఆనవాయితీ. బ్రహ్మయ్య పాపం తాడు తెచ్చాడు కూడా. ధనమ్మ ఆ తాడు లాక్కుని పొయ్యిలో పడేసింది. పసుపు నీళ్లతో వాడిని తుడిచి, మడత విప్పని చీరలో చుట్టి, కల్లం అంచున తానే గడ్డపార పట్టి గొయ్యి తీసి పూడ్చింది. మనిషి పోయినట్టు గొంతెత్తి ఏడ్చింది.

దారిన పోతున్న బాబూరావు బండి ఆపాడు. ఊళ్లో చిన్నపాటి నాయకుడు, ఎక్కడ నలుగురున్నా నోరు పెట్టే రకం.

"కుక్కకి ఈ శోకాలేంది పిన్నీ? పెద్దకర్మ కూడా పెడతావా ఏంది?"

"పెడతా. నువ్వూ రా, విస్తరేస్తా. వాడి పేరు మీద కూడు తినే యోగ్యత నీకుందో లేదో చూసుకోని రా."

బాబూరావు బండి స్టార్ట్ చేసుకుని పోయాడు.

నోరు అలా గట్టిగానే ఉండేది. కడుపులో బాధ మాత్రం ఎక్కడికీ పోలేదు. మంచం మీద పడుకుంటే కుడిచెయ్యి దానంతటదే కిందికి జారి, వెచ్చటి వీపు కోసం తడుముకునేది. మంచం కింద వాడు పడుకుని పడుకుని చేసిన గుంట ఒకటుంది. కసువు ఊడ్చేటప్పుడు ఆ గుంట చెరగకుండా చుట్టూ ఊడ్చేది. ఇంకో కుక్కపిల్లను తెస్తానని బ్రహ్మయ్య అంటే రెండు పూటలు మాట్లాడలేదు. కొత్త కుక్క ఎందుకు? ఆమెకు కావలసింది మేస్త్రి.

అందుకే పొద్దు వాలగానే వాడి సత్తుగిన్నెలో బువ్వ కలిపి పెట్టడం మానలేదు. గిన్నె పెట్టి, ఎప్పటిలాగే పిలిచేది.

"మేస్త్రీ... రా అయ్యా..."

"దీపాలు పెట్టే వేళ పోయినోళ్లని పేరెట్టి పిలవమాకే" అన్నాడు బ్రహ్మయ్య. "ఎవురికి పిలుపు అందిద్దో మనకేం తెలుసు."

"మగ్రిబ్ నమాజు వేళప్పుడు మా ఇళ్లలోనూ పిలవనీరక్కా" అంది హమీదా. "పిలిస్తే పలికేది వాడే కానక్కర్లా."

"నా కుక్కని నేను పిలుచుకుంటా. మధ్యలో ఎవురికి కష్టం?" అంది ధనమ్మ.

తెల్లారి చూస్తే గిన్నె తుడిచినట్టు ఉండేది. కాకులై ఉంటాయని పైకి అనేది. మనసులో మాత్రం మురిసిపోయేది.

ఒకనాటి సాయంత్రం మబ్బు పట్టింది. ఎండిన కాయ మీద వాన పడితే ఏడాది కష్టం నల్లబడిపోతుంది. కప్పడానికి పట్టాలు చాలవని బ్రహ్మయ్య బండేసుకుని వెల్దుర్తి వెళ్లాడు. కూలివాళ్లు ఆటో ఎక్కి వెళ్లిపోయారు. హమీదా ఆఖరున ఎక్కుతూ, "ఇవాళ పిలవమాక అక్కా" అంది. ధనమ్మ వినిపించుకోలేదు.

గాలి ఆగిపోయింది. మబ్బు దిగి, చీకటి ముందుగానే పడింది. పరిచిన కాయ ఎరుపు పోయి నల్లగా కనబడుతోంది. దూరంగా ఎక్కడా మోటారు మోత లేదు. టీ కాచుకున్న మూడు రాళ్ల పొయ్యిలో నిప్పులు మాత్రం మిగిలాయి. ధనమ్మ గిన్నె తీసుకెళ్లి మేస్త్రి గొయ్యి దగ్గర పెట్టి, తిరిగి మంచం దగ్గరికి వచ్చి పిలిచింది.

"మేస్త్రీ... రా అయ్యా..."

అవతలి అంచు నుంచి సన్నటి మూలుగు వినబడింది.

ధనమ్మ గుండె ఝల్లుమంది. భయంతో కాదు, సంతోషంతో. అది మేస్త్రి గొంతే. ఆకలేసినప్పుడు, అలిగినప్పుడు వాడు చేసే మూలుగు. తవ్విన మట్టి వాసన వచ్చింది, అందులో పసుపు వాసన కలిసి ఉంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఊరంతా నవ్వితే నవ్వారు, వాడు వచ్చాడు.

"రారా అయ్యా... ఇక్కడే ఉన్నా..."

చీకట్లో నల్లటి ఆకారం లేచింది. చెవులు అవే. తోక అదే. ధనమ్మ చేతులు చాచింది.

గల్... గల్...

ఎండుకాయల్లో గింజలు కదిలిన చప్పుడు.

గల్... గల్... గల్...

ధనమ్మ చేతులు గాలిలోనే ఆగిపోయాయి. వస్తున్నది అంచు వెంబడి రావడం లేదు. కాయ మీద నుంచి వస్తోంది. తిన్నగా, మధ్యలో నుంచి, ఏ తొందరా లేకుండా. తుమ్ము లేదు... చెవుల విదిలింపు లేదు...

ఇది మేస్త్రి కాదు.

ఆ మాట మనసుకు తట్టగానే ఒళ్లంతా చల్లబడింది. వెంటనే కోపం కూడా వచ్చింది. ఆ కోపమే ఆమెను నిలబెట్టింది.

"ఎవురు నువ్వు?" అంది గొంతు తగ్గించి. "నా బిడ్డ వేషం కట్టుకోని నా కాడికే వస్తావా?"

చప్పుడు ఆగింది. మూలుగూ ఆగింది. కాసేపటికి కల్లం నడిమధ్య నుంచి ఆడగొంతు ఒకటి మెత్తగా పిలిచింది.

"మేస్త్రీ... రా అయ్యా..."

అది ధనమ్మ గొంతే. రోజూ పిలిచే పిలుపు, అదే దీర్ఘం, చివర అదే వణుకు.

గల్... గల్...

ధనమ్మ వంగి, దోసిలి నిండా ఎండుకాయలు తీసి నిప్పుల్లో కుమ్మరించింది. మళ్లీ మరో దోసిలి. దిష్టి తీసేటప్పుడు చేసే పనే. కాయ కాలితే ఘాటు రావాలి, రాకపోతే దిష్టి గట్టిగా ఉన్నట్టు. నిప్పులు భగ్గుమన్నాయి. పొగ ముఖానికే కొట్టింది. ధనమ్మ ఊపిరి గట్టిగా పీల్చింది.

ఏమీ లేదు. దగ్గు రాలేదు. కళ్లు మండలేదు. వేడి నీళ్ల ఆవిరి పీల్చినట్టుంది.

అప్పుడు... గొయ్యి వైపు నుంచి...

తుమ్ము. ఇంకో తుమ్ము. చెవుల టపటప.

ఆ వెనుకే పరుగు. కల్లం అంచున, ఉత్త నేల మీద, గోళ్ల చప్పుడు. చుట్టూ తిరిగి వస్తున్నాడు. ప్రాణం మీదికి వచ్చినా కాయ తొక్కడు మేస్త్రి. "రా నాయనా, రా..." అని ధనమ్మ గొణిగింది. మధ్యలో నుంచి వచ్చేదానికి దారి దగ్గర. చుట్టు తిరిగి వచ్చేవాడికి దూరం.

గల్... గల్... గల్...

మంచం కిర్రుమంది. మెడ వెనక చల్లటి ఊపిరి తగిలింది...

హెడ్‌లైటు వెలుగు కల్లం మీద పడింది. బ్రహ్మయ్య బండి దిగి నాలుగడుగులు వేశాడో లేదో, నడుం పట్టుకుని దగ్గడం మొదలుపెట్టాడు. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి.

"ఏందే ఈ ఘాటు... ఊపిరాడట్లా... ఆ పొగలో ఎట్టా నిలబడ్డావే?"

ధనమ్మకు ఇంకా దగ్గు రాలేదు.

వాన కూడా రాలేదు. తెల్లారి చూస్తే కల్లం మధ్యలో చితికిన కాయల బాట ఒకటి, అవతలి అంచు నుంచి ఇవతలికి. కల్లానికీ మంచానికీ మధ్య ఉత్త నేల మీద అడుగులు పడ్డాయి. కుక్క పాదాలే. కానీ నాలుగు కాళ్లతో నడిచిన గుర్తులు కావు, రెండు కాళ్లవి. మంచం కింద మేస్త్రి గుంట దాకా వచ్చి ఆగాయి. వెనక్కి వెళ్లిన అడుగు ఒక్కటీ లేదు. చుట్టూ అంచు వెంబడి మాత్రం నేల దుమ్ము లేచేలా గోళ్ల గుర్తులు ఉన్నాయి.

బ్రహ్మయ్య గడ్డపార తీసుకుని గొయ్యి దగ్గరికి నడిచాడు. బయటికి తీసి తగలబెడితే పీడ పోతుందని ఊళ్లో పెద్దలు చెప్పారట. ధనమ్మ వెళ్లి గొయ్యి మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"ముందు నన్ను పొడువు. తర్వాత వాణ్ని తవ్వు."

"పిచ్చిదానా, వచ్చింది ఇదేనే."

"కాదు. వచ్చింది వేరేది. వీడు దాన్ని ఆపటానికి రాత్రంతా తిరిగాడు. నీకు కళ్లు లేవా? ఆ గోళ్లు చూడు. చచ్చినాక కూడా కాపలా మానలేదే వాడు. వాడిని తగలబెడతావా నువ్వు?"

బ్రహ్మయ్య అంచున పడ్డ గుర్తులు చాలాసేపు చూశాడు. గడ్డపార పక్కన పడేసి వెళ్లి కాయ తొక్కే టిక్కీల గోతాలు సర్దుకున్నాడు.

ఆ రోజే కాయను టిక్కీల్లోకి తొక్కారు. అందరూ ముక్కులకు గుడ్డలు కట్టుకుని, తుమ్ముతూ, కళ్లు తుడుచుకుంటూ పని చేస్తున్నారు. ధనమ్మ ముఖానికి గుడ్డ లేదు. హమీదా ఆమె వైపు అదేపనిగా చూసింది.

"అక్కా, నీకు ఘాటు తగలట్లా?"

"అలవాటైపోయిందిలే."

హమీదా చెయ్యి మెడలో తావీజు మీదికి పోయింది. ఆమె అటు తిరగగానే ధనమ్మ ఒక ఎండుకాయ నోట్లో వేసుకుని నమిలింది, గింజలతో సహా. గడ్డి నమిలినట్టుంది.

అప్పుడు ఆమెకు అర్థమైంది. వెనక్కి అడుగులు ఎందుకు లేవో అర్థమైంది.

పొద్దు వాలాక టిక్కీలతో ట్రాక్టర్ కదిలింది. "వాడికి బువ్వ పెట్టొస్తా, నువ్వు పో" అని మొగుణ్ని పంపేసింది. బువ్వ కలిపి, గిన్నె గొయ్యి దగ్గర పెట్టి, కాస్త దూరంలో నిలబడింది. ఇవాళ పిలవలేదు. పెదాలు బిగపట్టుకుంది.

రెండు తుమ్ములు వినబడ్డాయి. తర్వాత చెవుల టపటప.

ధనమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది. ఒక్కసారి ఆ వీపు మీద చెయ్యి వేస్తే చాలు, ఇంకేం వద్దు. ఒక అడుగు ముందుకు వేసింది.

గుర్ర్...

ధనమ్మ ఆగిపోయింది. మేస్త్రి పుట్టి బుద్ధెరిగాక ఆమెను చూసి గుర్రుమనలేదు. కొత్తవాళ్లు కల్లం తొక్కబోతే మాత్రమే వాడి గొంతులో నుంచి ఆ చప్పుడు వచ్చేది. ఆమె ఎడమకు జరిగింది. గుర్రు కూడా ఎడమకు జరిగింది, అంచు దాటకుండా.

భయం ఎంతుందో దాని మీద అంత గర్వం లేచింది. వాడు ఆమెను మరిచిపోలేదు. ఆమెలో ఉన్నదాన్ని కనిపెట్టాడు.

"అంతే" అంది ధనమ్మ, కన్నీళ్లు తుడుచుకోకుండానే. "అట్టాగే ఉండు మేస్త్రీ. నేను బతిమాలినా సరే, ఏడ్చినా సరే, దీన్ని వదలమాక. ఇద్దరం కలిసి దీని సంగతి చూద్దాం."

చెప్పి నోరు గట్టిగా మూసుకుంది. పళ్లు బిగించింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

మూసిన ఆ నోట్లో నుంచే, మెత్తగా, ఎంతో ప్రేమగా, ఆమె గొంతు పిలిచింది.

"మేస్త్రీ... రా అయ్యా..."

మేస్త్రి రాలేదు. అంచున నిలబడి గుర్రుమంటూనే ఉన్నాడు.