నడవనివాడికి గోల్ఫ్ సెట్టు

“అన్నా, గోల్ఫ్ కట్టెలు ఉండాయా?”

షట్టర్ సగం ఎత్తి, నడుము వంచి షాపులోకి దూరబోతున్న హెన్రీకి వెనక నుంచి ఈ ప్రశ్న వినిపించింది. తిరిగి చూశాడు. చూడకపోయినా బాగుండేది, ఎందుకంటే చూశాక ఆ రోజంతా అతనికి ఏ పనీ సాగలేదు.

ఆకుపచ్చ చుడీదారు, భుజాన టిఫిన్ సంచి, బస్సు కిటికీ గాలికి చెదిరిన జుట్టు. కర్నూలు ఎండకు ఊరంతా మొహం ముడుచుకుని తిరుగుతుంటే ఈ అమ్మాయి మాత్రం ఇప్పుడే కుండలో నీళ్లతో మొహం కడుక్కున్నట్టుంది.

నిజానికి హెన్రీ చెప్పాల్సిన జవాబు ‘లేవు’. అతని గ్రేస్ స్పోర్ట్స్‌లో క్రికెట్ బ్యాట్లు, షటిల్ రాకెట్లు, క్యారమ్ బోర్డులు ఉన్నాయి. గోల్ఫును అతను టీవీలో ఛానల్ మార్చేటప్పుడు తప్ప చూసిన పాపాన పోలేదు. కానీ అది బోణీ వేళ! మొదటి గిరాకీకి లేదు అనే మాట చెప్పకూడదని వాళ్ల నాయన నేర్పిపోయాడు. ఆదివారం చర్చిలో ముందు వరుసలో కూర్చునే మనిషే, బోణీ దగ్గరకొచ్చేసరికి మాత్రం అచ్చమైన కర్నూలు వ్యాపారి.

“ఉండాయి మేడం,” అన్నాడు.

“యాడ?”

“ఈడ లేవు. బెంగళూరు నుంచి తెప్పిస్తా. ఎంతలో కావల్ల?”

“ఎనిమిది వేలు దాటకూడదు. పాతవైనా పర్వాలేదు. ఆయన నేర్చుకునేదానికే.”

“ఎవురికి మేడం?”

“ఒకాయనకులే. ఎవురికీ చెప్పొద్దని మాట తీసుకున్నాడు. ఈ నెలాఖరు ఆదివారం మా ఇంట్లో ప్రార్థన కూటం పెట్టుకున్నాం, పాస్టరుగారు వస్తాండారు. ఆ రోజు ఆయన చేతికి ఇయ్యల్ల.”

ఆమె పేరు మహిమ. నందికొట్కూరు నుంచి రోజూ బస్సులో వచ్చి, ఆ వీధి చివరి మెడికల్ షాపులో ఫార్మసిస్టుగా చేస్తుంది. ఇంతే తెలిసింది హెన్రీకి. మిగతాది అతనే కల్పించుకున్నాడు. ఇంట్లో కూటం, పాస్టరుగారు, ఒకాయన, ఆయనకు బహుమానం! ఇక చెప్పేదేముంది, ప్రధానం! వాళ్ల సంఘంలో పిల్లకు పెళ్లి ఖాయమైతే జరిగే తంతు అంతా అదే కదా.

పరిచయమైన రోజే ప్రేమ, ఆ రోజే దానికి సమాధి. ఇంత త్వరగా ఓడిపోయినవాడు ఆటల షాపు ఎందుకు పెట్టుకున్నాడో దేవుడికే తెలియాలి.

అయినా మాటిచ్చాడు కాబట్టి ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. చూసేకొద్దీ తల తిరిగింది. పూర్తి సెట్టంటే పద్నాలుగు కట్టెలట. వాటిలో ఒకదాని పేరు డ్రైవరు, అది బండి నడపదు. కొన్నిటి పేరు ఐరన్, వాటితో ఇస్త్రీ చేయరు. నంబరు తగ్గేకొద్దీ బంతి దూరం పోతుందట. కొత్త సెట్టు ధరలో మంచి పాత బైకు వస్తుంది. ఒక బంతిని గుంటలో వేయడానికి ఇంత తతంగమా అని హెన్రీకి ఒళ్లు మండింది. ఆ మంట గోల్ఫు మీదా, ఆ ఒకాయన మీదా అంటే, ఆయన మీదే.

మళ్లీ వారం మహిమ వచ్చేసరికి మన వాడు సగం పండితుడయ్యాడు.

“కొత్తగా ఆడేటోళ్లకు పద్నాలుగు అక్కర్లేదు మేడం. ఒక డ్రైవరు, రెండు ఐరన్లు, ఒక వెడ్జి, ఒక పట్టరు. అరసెట్టు సాలు. బెంగళూరులో ఒకాయన ఆట మానేసి అమ్ముతాండాడు, మన బడ్జెట్‌లోనే వస్తాది. ఎత్తు ఎంతో చెబితే కట్టె పొడవు చూసుకోవచ్చు.”

“నీ అంతే ఉంటాడు. నిలబడు ఒకసారి.”

షాపులోని టేపు ఆమె చేతిలోకి వెళ్లింది. చేతులు కిందికి వదిలి నిలబడమంది. అతని మణికట్టు దగ్గర టేపు కొస పట్టుకుని, వంగి నేల దాకా కొలిచింది. ఆమె వేళ్లు తగిలిన ఆ కాస్త చోటా హెన్రీకి సాయంత్రం దాకా వెచ్చగానే ఉంది. ఎవడి కోసమో నన్ను కొలుస్తోందే అని గుండెలో కలుక్కుమంది కూడా. నవ్వాలో ఏడవాలో తెలియక గోడ క్యాలెండరు చూస్తూ నిలబడ్డాడు.

“బరువు తక్కువ ఉండల్ల,” అంది. “ఆయన ఎక్కువ బరువెత్తకూడదు.”

“అంత సుకుమారమా?”

“అదేం అడుగుతావులే! వీధి చివరిదాకా నడువు సామీ అంటే నడవడు. కుర్చీలోంచి లేవడు. ఫోన్లో గోల్ఫ్ చూస్తాంటాడు. మైసూర్‌పాకు దిండు కింద దాచిపెట్టుకుంటాడు.”

“ఉద్యోగం?”

“ఇప్పుడేం లేదు.”

“నీ మాటైనా వింటాడా?”

“ఎవురి మాటా వినడు. మా అమ్మ రోజూ తిడుతుంది. ఏం చేస్తాం, దేవుడు ఆయన్నిచ్చినాడు మాకు.” అని ఫక్కున నవ్వింది.

హెన్రీకి ఏమీ అర్థం కాలేదు. పనీ పాటా లేనివాడు, బరువెత్తలేనివాడు, పెళ్లికి ముందే అత్తతో తిట్లు తినేవాడు! వాణ్ణి తలుచుకుని ఈ పిల్ల నవ్వుతోంది! పోనీ ఇష్టం లేని పెళ్లా అంటే, ఇష్టం లేనివాడికి గోల్ఫ్ సెట్టెందుకు కొంటుంది?

ఇంకో సంగతి కూడా అతని బుర్ర తినేసింది. వెళ్లేటప్పుడు ఆమె “వస్తా” అంది. మొదటి రోజు లాగా “వస్తా అన్నా” అనలేదు.

సెట్టు వచ్చిన రోజు ఇద్దరూ కౌంటరు మీద కట్టెలు పరిచారు. కర్ర వంగిందేమోనని హెన్రీ ఒక్కొక్కదాన్నీ ఒక కన్ను మూసి చూశాడు. పట్టుకునే రబ్బరు రెండిటికి అరిగిపోయి ఉంటే కొత్తది తనే తొడిగాడు. మహిమ టిఫిన్ డబ్బా తెరిచి ఓళిగ, అదే బొబ్బట్టు, ఒకటి అతని చేతిలో పెట్టింది.

“మా అమ్మ చేసింది. నీకని రెండు ఎక్కువ తెచ్చినా.”

అక్కడితో హెన్రీ ఆగలేకపోయాడు.

“మేడం, నేను చెప్పకూడదు. కానీ చెప్తాండా. ఆయన్ని వదిలెయ్యి.”

“ఏమీ?”

“ఆ మనిషిని వదిలెయ్యి. పని చేయడు, మాట వినడు, నడవను కూడా నడవడు. అట్లాంటి సోమరోడితో నీకేం ఖర్మ? నీకు ఇంకా మంచోడు దొరుకుతాడు.”

మహిమ మొహం ఎర్రబడింది. డబ్బా మూత టప్పున వేసింది.

“ఆయన్ని తిట్టేదానికి నువ్వెవురు? ఇంకా మంచోడు దొరికేది ఏందప్పా, సంతలో బేరమా? ఆయన లేకపోతే నేనే లేను, తెల్సా?”

డబ్బులు కౌంటరు మీద పడేసి, సెట్టు అక్కడే వదిలేసి, విసవిసా వెళ్లిపోయింది. హెన్రీ చేతిలో సగం కొరికిన ఓళిగ అలాగే ఉండిపోయింది.

ఆ తర్వాత ఆమె ఆ వీధిలో ఇటు వైపు నడవడమే మానేసింది. మెడికల్ షాపుకెళ్లి తలనొప్పి బిళ్ల అడిగితే ఇంకొకరి చేత ఇప్పించింది. నిజంగానే తలనొప్పి వచ్చింది హెన్రీకి.

నెలాఖరు ఆదివారం ఆరాధన కాగానే సెట్టు భుజాన వేసుకుని నందికొట్కూరు బస్సెక్కాడు. ఆమె దక్కదు, సరే. కానీ ఆమె డబ్బిచ్చి కొన్న వస్తువు ఆమె ఇవ్వాలనుకున్న రోజుకు అందాలి. క్షమించమని అడగాలి, ఆ అదృష్టవంతుడైన సోమరి మొహం ఒక్కసారి చూసి వచ్చేయాలి.

“ఏమప్పా, ఆ సంచిలో తుపాకులా?” అన్నాడు కండక్టరు.

“పెళ్లికొడుక్కి కట్నం,” అన్నాడు హెన్రీ, ఏడవలేక.

కూటం ఎవరింట్లో అని అడుగుతూ పోతే మహిమ ఇల్లు దొరికింది, ముందు షామియానా ఉంది. ప్రార్థన ముగిసినట్టుంది, జనం భోజనాలకు లేస్తున్నారు. వడ్డిస్తున్న మహిమ అతన్ని చూసి, చేతిలోని పప్పు గరిటెతోనే ఎదురొచ్చింది.

“నువ్వు ఈడికెందుకు వచ్చినావు?”

“సెట్టు ఇచ్చి పోదామని. తప్పుగా మాట్లాడినా, మన్నించు. పెళ్లికొడుకు యాడ?”

“ఎవురి పెళ్లికొడుకు?”

“నీ పెళ్లికొడుకు. ఈ రోజు నీ ప్రధానం కదా?”

గరిటెలోంచి పప్పు బొట్లు బొట్లుగా నేలమీద పడింది. ఇంతలో లోపల్నుంచి పొడుగాటి పెద్దమనిషి ఒకాయన గబగబా వచ్చాడు.

“వచ్చిందా నా సెట్టు?” అని సంచి లాక్కుని, చిన్నపిల్లాడిలా డ్రైవరు బయటకు తీశాడు.

“మా నాయన,” అంది మహిమ నీరసంగా. “ఇస్కూలు హెడ్‌మాస్టరు చేసి రిటైరైనాడు. గుండె ఆపరేషన్ అయి మంచిగైనాడని ఈ కృతజ్ఞత కూటం.”

“డాక్టరు నడవమంటాడు,” అందుకున్నాడు ఆ పెద్దాయన, లేవి మాస్టారు. “పనేం లేకుండా రోడ్డు మీద ఊరికే పోయొస్తాంటే ఊరోళ్లు ఏమనుకుంటారప్పా? హెడ్‌మాస్టరుకు మతి పోయిందనరా? చేతిలో కట్టె, ముందర బంతి ఉంటే అది పని. సెట్టు వచ్చేదాకా ఎవురికీ చెప్పొద్దంటిని. అవునూ, నన్ను వదిలెయ్యమన్నది నువ్వేనంట కదా?”

హెన్రీకి భూమి చీలితే బాగుండుననిపించింది. చీలలేదు. అది నల్లరేగడి, ఎండాకాలంలో చీలుతుంది గానీ మనిషి పట్టేంత కాదు.

“తెలీక సార్. ఆ ఒకాయన అంటే మహిమను చేసుకోబోయేటోడనుకున్నా.”

మాస్టారు అతన్నీ, కూతుర్నీ మార్చి మార్చి చూశాడు. ముప్పై ఏళ్లు పిల్లకాయల మొహాలు చదివిన కళ్లు అవి.

“అట్లనా,” అన్నాడు. “చేసుకోబోయేటోడైతే నీకేం నొప్పి?”

జవాబు కోసం ఆగలేదు. ఇంటి వెనక జొన్న కోసిన చేలోకి నడిచాడు. మబ్బుల నుంచి నాలుగు చినుకులు రాలాయి, మట్టి వాసన లేచింది. మాస్టారు సంచిలోని బంతి ఒకటి నేల మీద ఉంచి, కాళ్లు ఎడంగా పెట్టి, ఊపిరి బిగబట్టకుండా, మెల్లగా ఒక దెబ్బ వేశాడు. బంతి జొన్న కొయ్యకాళ్లలో ఎక్కడో పడింది.

“పోండి, ఇద్దరూ వెతుక్కోని రాండి!”

ఇద్దరూ వెతికారు. మొదట వేరువేరు వైపుల. తర్వాత ఒకే వైపు.

“నన్ను పెళ్లి చేసుకునేటోణ్ణి తిడితే నీకేం వస్తాది?” అడిగింది మహిమ, నేల చూస్తూ.

“ఏమీ రాదు. నువ్వంటే ఇష్టం. మొదటి రోజు నుంచి. అంతే.”

చెప్పేశాక హెన్రీ మళ్లీ వెతుకులాటలో పడ్డాడు. ఆమె ఒక చోట నిలబడిపోయింది. అతను చుట్టూ వెతికాడు, కొయ్యకాళ్లు తప్పించి వెతికాడు, వంగి వెతికాడు. ఆమె మాత్రం అడుగు కదపలేదు.

“నువ్వూ వెతకొచ్చు కదా?”

మహిమ కుడి చెప్పు కొంచెం ఎత్తింది. తెల్లటి బంతి దాని కింద భద్రంగా ఉంది. మళ్లీ చెప్పు దించేసింది. ఆమె బుగ్గల్లో నవ్వు ఆగడం లేదు.

“దొరికిందా అమ్మా?” దూరం నుంచి మాస్టారు కేకేశాడు.

“ఇంకా లేదు నాయనా! శానాసేపు పడ్తాది!”