ఎడమ వైపు చక్రాలు

ఉదయం 10:40కి ఫోన్ వచ్చింది. 10:55కల్లా ఇన్‌స్పెక్టర్ వంతెన దగ్గరున్నాడు.

శవం స్టీరింగ్ మీదికి వాలి ఉంది. కారు అరవై రెండు మోడల్, టాపు మడిచే అమెరికన్ కన్వర్టబుల్. దాని ముక్కు వంతెన గోడలో దిగిపోయింది. ముందు ఎడమ చక్రం ఊడిపోయి నలభై అడుగుల అవతల తుప్పల్లో పడి ఉంది.

చనిపోయింది షెడ్డు మేస్త్రీ. ఒక ముసలి డ్రైవర్ బాగుచేయడం మొదలుపెట్టి, ఓపిక లేక సగంలో వదిలేసిన కారది. మేస్త్రీ దాన్ని తెచ్చుకుని తొమ్మిదేళ్లు దానికే అతుక్కుపోయాడు. మొదటిసారి రోడ్డెక్కించింది ఈ రోజే. షెడ్డు నుంచి రెండు కిలోమీటర్లు కూడా రాలేదు.

"నట్లు వదులు చేశారు సార్," అన్నాడు ఫోరెన్సిక్ ఆఫీసర్. "వెనక ఎడమ చక్రానివీ వదులే."

మేస్త్రీ భార్య సొంత తమ్ముడి మీదికే వేలు చూపించింది. ఏడాదిగా బావాబావమరుదులు ఉప్పూ నిప్పూ.

"షెడ్డులోంచి గెంటేశారని కడుపులో పెట్టుకున్నాడు సార్. వాణ్ణి వదలొద్దు."

తమ్ముణ్ణి స్టేషన్‌లో కూర్చోబెట్టారు.

"ఆ పొద్దున ఎక్కడున్నావు?"

"ఇంట్లో."

"చూసినవాళ్లు?"

"ఒక్కణ్ణే ఉంటాను సార్."

"బావ మీద కోపం లేదా?"

"ఉంది. చంపేంత లేదు."

అందరూ అనే మాటే. మూడో రోజుకల్లా రిమాండ్ కాగితాలు సిద్ధమయ్యాయి. సంతకం పెట్టబోయే ముందు, ఎందుకైనా మంచిదని ఇన్‌స్పెక్టర్ కారును మరోసారి చూడటానికి వెళ్లాడు. అలా వెళ్లకుండా ఉంటే ఎంత బాగుండేదో అని తరవాత చాలాసార్లు అనుకున్నాడు.

సాయంత్రం 4:10. షెడ్డులో ముగ్గురినీ కూర్చోబెట్టాడు. మేస్త్రీ భార్య, ఆమె తమ్ముడు, ముసలి డ్రైవర్.

"ఊడిన చక్రాన్నే అందరం చూశాం. కుడి వైపు ఎవరూ చూడలేదు. అక్కడి నట్లు విప్పడానికి ఇద్దరు కానిస్టేబుళ్లకు చెమటలు పట్టాయి. చంపాలనుకున్నవాడు ఒక వైపు వదులు చేసి, రెండో వైపు అంత గట్టిగా బిగిస్తాడా?"

ఇన్‌స్పెక్టర్ ముసలి డ్రైవర్ వైపు తిరిగాడు.

"పెద్దాయనా, మధ్యాహ్నం నాతో చెప్పింది మళ్లీ చెప్పండి."

ముసలి డ్రైవర్ గొంతు సవరించుకున్నాడు. "ఆ కాలం కార్లలో కొన్నిటికి ఎడమ వైపు రివర్స్ థ్రెడ్ బాబూ. మామూలుగా బిగించే వైపు తిప్పితే ఊడొస్తాయి. మేస్త్రీకి తెలుసు. నేనే చెప్పాను."

"తెలియనివాళ్లు నాలుగు చక్రాలకూ ఒకే వైపు తిప్పారు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "కుడివి బిగిశాయి, ఎడమవి వదులయ్యాయి. చంపాలని కాదు, మేలు చేద్దామని. ఎవరు?"

తమ్ముడు అక్క మొహం చూశాడు. చప్పున లేచి నిలబడ్డాడు.

"నేనే సార్. నన్ను తీసుకెళ్లండి."

"కూర్చోరా," అంది అక్క. మూడు రోజుల తరవాత వాడితో ఆమె అన్న మొదటి మాట అది. "నీ దగ్గర షెడ్డు తాళమేదీ?"

ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది.

"ఇరవై ఏళ్లుగా ఈ షెడ్డులోంచి ఏ బండి బయటికెళ్లినా చివర్లో నట్లు నేనే చూస్తానండీ. ఆయనే నేర్పారు. ఈ కారు మాత్రం ఎవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు. ఆయన స్నానానికి వెళ్లాక చూశాను. తొమ్మిదేళ్ల కష్టం కదా, దారిలో ఏమన్నా అవుతుందేమోనని భయమేసింది. స్పానర్ పెట్టి కాలితో ఒక్కో తొక్కు తొక్కాను. కదిలితే, బిగిసిందనుకున్నాను."

తమ్ముడు మొహం చేతుల్లో దాచుకున్నాడు. ఇన్‌స్పెక్టర్‌కి తన తెలివి మీద తనకే అసహ్యం వేసింది. కానీ నోరు మూసుకుని ఉంటే ఆ తమ్ముడు జైలుకి పోయేవాడు.

"ఎడమ వైపువి ఎటు తిప్పాలండీ?" అని అడిగిందామె.

ఇన్‌స్పెక్టర్ గాలిలో చెయ్యి తిప్పి చూపించాడు.

ఆమె శ్రద్ధగా చూసింది. తరవాత తన చేత్తో అటే తిప్పింది. ఒక్కో చక్రానికి ఐదేసి నట్లు. రెండు చక్రాలకూ కలిపి పదిసార్లు తిప్పింది.