ఇవాళ రాత్రి ఇక్కడెంతమంది

ప్రతి నెలా మొదటి ఆదివారం పొద్దున ఆయన బాల్కనీలో కుర్చీ వేసుకుని తమ భవనంలో జనాన్ని లెక్కపెడతాడు. జనాభా లెక్కల ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. ఆఫీసు ఆయన్ని వదిలేసింది గానీ ఆయన ఆఫీసును వదల్లేదు. ఆ వీధిలో అందరూ ఆయన్ని శాతాల తాతగారంటారు. ఎదురుగా మాత్రం తాతగారనే అంటారు.

"ముప్పై రెండు ఫ్లాట్లు, నూట పద్దెనిమిది మంది. అందులో మనవాళ్ళు నలభై అయిదు," అన్నాడు ఆయన టీ కప్పు అందుకుంటూ. "అంటే ముప్పై ఎనిమిది పాయింట్ ఒకటి శాతం. పదేళ్ళ కిందట డెబ్భై రెండు. చూస్తూండగానే రాజధాని చేజారిపోతోంది."

"పోతే పోయింది గానీ టీ ఒలకబోయకండి," అంది భార్య. "మూడో అంతస్తు ఆవిడ ఏ దేశం మనిషైతే ఏం? మొన్న మీకు ఒళ్ళు తూలితే పరిగెత్తుకొచ్చింది ఆవిడేగా."

"నేను వ్యక్తుల గురించి మాట్లాడ్డం లేదు. ధోరణి గురించి మాట్లాడుతున్నాను."

ధోరణి గురించి ఆ ఇంట్లో రోజుకు రెండుసార్లు, భోజనాల దగ్గర, చర్చ జరుగుతుంది. మాట్లాడేది ఆయనొక్కడే కనక గొడవలుండవు. కొడుకు మెట్రో రైలు నడుపుతాడు. ఎప్పుడూ డ్యూటీలో ఉంటాడు, లేదా ఉన్నట్టు మొహం పెడతాడు. కోడలు కళ్ళజోళ్ళ దుకాణంలో కళ్ళు పరీక్ష చేస్తుంది. నాలుగేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు అమ్మానాన్నలతో వేరే దేశం నుంచి ఈ నగరానికి వచ్చింది. బడి, చదువు, ఉద్యోగం, పెళ్ళి అన్నీ ఇక్కడే. పెళ్ళయి ఆరేళ్ళయింది.

ఆవేళ దేశమంతటా జనాభా లెక్కల రోజు. సాయంత్రం నుంచి ఉద్యోగులు ఇంటింటికీ వస్తారు. ఆ రాత్రి ఎవరు ఎక్కడ పడుకుంటే వాళ్ళు అక్కడి లెక్కలోకే వస్తారు. ఆయనకది పండగలాంటి రోజు. పొద్దున్నే గడ్డం గీసుకుని ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

గొడవ కాయితం కోసం మొదలైంది. అయిదేళ్ళ మనవరాలు, ముద్దుపేరు పిడుగు, బొమ్మ వేసుకోవడానికి అలమరలోంచి తాతగారి రిజిస్టరు లాగింది. పిల్ల ఏ పేజీ పాడుచేసిందోనని కోడలు తెరిచి చూసింది. ఒక్కో ఫ్లాటుకి ఒక్కో పేజీ, ఒక్కో పేరు పక్కన రెండు గడులు: స్థానికులు, ఇతరులు. పద్నాలుగో నంబరు వీళ్ళ ఫ్లాటు. కోడలు ఆ పేజీ దగ్గర ఆగిపోయింది.

"మామయ్యగారూ, నేను ఇతరులా?" అంది నెమ్మదిగా.

"అది వర్గీకరణమ్మా. మనసులో పెట్టుకోకూడదు."

"నేనెక్కడా పెట్టుకోలేదండీ. మీరే కాయితం మీద పెట్టారు."

భార్య వంటగదిలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "నన్నెక్కడేశారు?"

"స్థానికుల్లో."

"పెళ్ళయి వచ్చేదాకా నేను ఈ ఊరి మొహం చూళ్ళేదు. ఈ అమ్మాయి ఓనమాలు కూడా ఇక్కడే దిద్దుకుంది. ఇదెక్కడి లెక్కండీ?"

"భార్య భర్త వర్గంలోకి వస్తుంది. పాత సర్క్యులర్ ఉంది."

"మరి కోడలు?"

"ఆ సర్క్యులర్లో కోడళ్ళ ప్రస్తావన లేదు," అన్నాడు ఆయన. నిజంగానే లేదు.

కోడలు పేజీని వెలుతురు వైపు తిప్పింది. చివరి వరసలో మనవరాలి పేరుంది. పేరు పక్కన రెండు గడుల్లోనూ కాయితం నలిగి, పలచబడి, వేలు పట్టేంత చిల్లి పడి ఉంది.

"ఇదేంటండీ?"

"నేను చించలేదు," అంది పిడుగు వెంటనే.

ఆయన నేల చూపులు చూశాడు. "పెన్సిల్‌తో రాస్తాను. మళ్ళీ చెరుపుతాను. ప్రతి నెలా. ఏ గడిలో వెయ్యాలో తేలలేదు."

కోడలు అరవలేదు. అరిస్తే బాగుండునని అత్తగారికి అనిపించింది. గదిలోకి వెళ్ళి ఒక సంచీ సర్దుకుంది, పిల్లకి బూట్లు తొడిగింది. "ఇది ఎవరో మీకు తేలాక ఫోన్ చెయ్యండి మామయ్యగారూ. అందాకా మా అమ్మ దగ్గర ఉంటాం," అంది. తలుపు కూడా గట్టిగా వెయ్యలేదు.

మధ్యాహ్నం భార్య ఆయన ముందు కంచం పెట్టి ఎదురుగా కూర్చుంది.

"వాళ్ళు ఇవాళ అక్కడే పడుకుంటే లెక్కలో ఎక్కడుంటారు?"

"అక్కడే."

"అంటే ప్రభుత్వం దగ్గర మన ఇంట్లో మనం ముగ్గురమే."

"అంతే."

"మళ్ళీ లెక్క ఎప్పుడు?"

"పదేళ్ళకి."

"పిడుక్కి పదిహేనొస్తాయి," అంది భార్య. ఆ మాట అని మజ్జిగ కోసం లేచిపోయింది. తిరిగొచ్చేసరికి కంచం అలాగే ఉంది, గుమ్మం దగ్గర ఆయన బూట్లు లేవు.

వియ్యాలవారి ఇల్లు రెండు బస్సులు మారితే వస్తుంది. ఆ వార్డు జనాభా మీద ఆయన సర్వీసులో ఉండగా పద్దెనిమిది పేజీల నివేదిక రాశాడు. అక్కడ అడుగుపెట్టడం మాత్రం ఇదే మొదటిసారి. ఆరేళ్ళుగా పిలిచినప్పుడల్లా ఆయనకి మోకాలు నొప్పి వచ్చేది. వీధిలో దుకాణాల బోర్డులు నాలుగు లిపుల్లో ఉన్నాయి. అలవాటు కొద్దీ లెక్కపెట్టబోయి, మూడో బోర్డు దగ్గర మానేశాడు.

అయిదో అంతస్తు ఎక్కేసరికి ఆయాసం వచ్చింది. తలుపు తీసిన వియ్యంకుడు లిఫ్టు మెకానిక్.

"రండి బావగారూ. మెట్లెక్కి వచ్చారా?"

"లిఫ్టు పాడైందటగా."

"మూడు వారాలైంది. ఊళ్ళో లిఫ్టులన్నీ నేనే చూస్తాను. ఈ ఒక్క లిఫ్టు కాంట్రాక్టు ఇంకొకడిది. వేలు పెడితే ఊరుకోడు."

వియ్యపురాలు మంచినీళ్ళిచ్చి, ఎందుకొచ్చారని అడక్కుండా లోపలికి వెళ్ళింది. పిడుగు నేలమీద బోర్లా పడుకుని బొమ్మ వేస్తోంది. తాతని చూసి చెయ్యి ఊపి మళ్ళీ పనిలో పడింది. కోడలు వంటగది గుమ్మంలో నిలబడింది.

"ఇంటికెళ్దామమ్మా," అన్నాడు ఆయన. "ఇవాళ లెక్కల రాత్రి."

"లెక్క కోసం రమ్మంటున్నారా?"

"నాకు ఇంకోలా పిలవడం రాదమ్మా."

ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"పిడుగుని స్థానికులు అని రాస్తే, నువ్వు దానికేమీ కానట్టుండేది. ఇతరులు అని రాస్తే, నేనేమీ కానట్టుండేది. అందుకని చెరిపేసేవాణ్ణి. దాని దగ్గర అన్నిసార్లు ఆగిన చెయ్యి నీ దగ్గర ఒక్కసారి కూడా ఆగలేదు. నీది ఇంకుతో రాసేశాను. లెక్కలో తప్పు అక్కడుంది. ఆరేళ్ళుగా నేను చూళ్ళేదు."

కోడలు వచ్చి ఆ గ్లాసు అందుకుంది. "సరే మామయ్యగారూ. కానీ ఇవాళ రాను. ఉంటానని అమ్మకి మాటిచ్చాను. రేపొస్తాను."

"రేపైతే..." అని ఆయన ఆగిపోయాడు.

అప్పుడే తలుపు చప్పుడైంది. లెక్కల ఉద్యోగిని, చిన్న వయసు అమ్మాయి, మెట్లెక్కి రొప్పుతోంది. ఆ పిల్ల మాట తీరు వింటే వాళ్ళవాళ్ళు మరో దేశం నుంచి వచ్చినట్టు తెలుస్తోంది. ఏ దేశమో ఆయన అడగలేదు, కుర్చీ జరిపాడు.

"ఇవాళ రాత్రి ఇక్కడెంతమంది పడుకుంటున్నారండీ?"

"నేను, మా ఆవిడ, అమ్మాయి, మనవరాలు. నలుగురం," అన్నాడు మెకానిక్.

ఆ పిల్ల పెద్దాయన వైపు చూసింది. "మరి తాతగారో?"

ఆయన కోడలి వైపు చూశాడు. కోడలు తల అడ్డంగా ఊపలేదు.

"అయిదు రాసుకోమ్మా," అన్నాడు.

"ఇంటి యజమానికి మీరేమవుతారు?"

"వియ్యంకుణ్ణి."

ఆ పిల్ల చేతిలోని బంధుత్వాల పట్టీ అంతా వెతికింది. "వియ్యంకుడికి నంబరు లేదండీ. ఇతర బంధువుల్లో వెయ్యమంటారా?"

ఆ పట్టీ తయారుచేసిన కమిటీలో ఆయన రెండేళ్ళు ఉన్నాడు. "వెయ్యి తల్లీ," అన్నాడు. కోడలు మొహం పక్కకి తిప్పుకుంది. భుజాలు కదిలాయి. నవ్వో మరేమో తెలియలేదు.

ఆయన ఇంటికి ఫోన్ చేశాడు. లెక్కలమ్మాయి వచ్చిందని, ఇవాళ రానని, ఇక్కడే ఉంటానని చెప్పాడు.

"అయితే ఇక్కడ నేనూ, వాడూ ఇద్దరమేనా?" అంది భార్య.

"లెక్క ప్రకారం అంతే."

"ఆ అమ్మాయిని పెన్ను ఎత్తొద్దనండి. వాడు డ్యూటీ దిగి అటే వస్తాడు. నేను ఇప్పుడే బయల్దేరుతున్నాను."

"ఇక్కడున్నవి రెండు గదులే."

"మీ రిజిస్టరు పట్టినంత చోటుంటే చాలు నాకు. దాన్ని మాత్రం తేను," అని పెట్టేసింది.

లెక్కలమ్మాయి అయిదు కొట్టేసి ఏడు రాసుకుంది. వియ్యపురాలు అలమర తెరిచి దుప్పట్లు తీయసాగింది. మెకానిక్ సోఫాని గోడకి జరుపుతూ, "బావగారికి కిటికీ పక్కనా, తలుపు పక్కనా?" అని అడిగాడు.

కోడలు చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "మామయ్యగారూ, కాసేపట్లో అక్కడికీ ఎవరో వస్తారు. మన ఇల్లు తాళం, ఎవరూ లేరు అని రాసుకుపోతారు."

మన ఇల్లు అంది. పొద్దున అన్నీ అయ్యాక కూడా, మన ఇల్లనే అంది.

"రాసుకోనీ అమ్మా," అన్నాడు ఆయన. కళ్ళజోడు తీసి చొక్కా చివరతో అద్దాలు తుడిచాడు. పెట్టుకున్నాడు. మళ్ళీ తీసి తుడిచాడు.

కోడలు వచ్చి ఆయన చేతిలోంచి కళ్ళజోడు తీసుకుని వెలుతురులో పట్టి చూసింది.

"అద్దాలు బాగానే ఉన్నాయి మామయ్యగారూ," అని తువ్వాలు అందించింది. "ముందు కళ్ళు తుడుచుకోండి."