రాయి పడలేదు

"ఒక్క మాట సుమంగళా. గల్తీ నాదే అత్తమ్మా అని అను, చాలు. ఇయ్యాలే మనిషిని పిలిచి తొట్టి బాగు చేయిస్త," అన్నాడు నిఖిలేశ్, ప్లాంటులో నైట్ షిఫ్ట్ ముగించి వచ్చి బూట్లు విప్పుతూ.

సుమంగళ అరచేతిలో చచ్చిన బంగారు చేప ఉంది. గాజు తొట్టి పగిలిన రోజు నుంచీ ఐదు చేపలూ ప్లాస్టిక్ టబ్బులో ఊపిరాడక తిరుగుతున్నాయి. మూడు రోజుల్లో చచ్చినవాటిలో ఇది రెండోది. ఆరేళ్లు పెంచింది వాటిని! ఏడుపు మొదటి రోజే అయిపోయింది. ఇప్పుడు మిగిలింది కోపమే.

"చెయ్యని దానికి ఎట్ల ఒప్పుకొమ్మంటరు?"

"అమ్మ కండ్లార చూసిందట గదా."

"చూసిన," వంటింటి గడపలోంచి అత్తగారు హనుమమ్మ అందుకుంది. "తొట్టిల పెట్టే నల్లరాయి దీని చెయ్యి జారింది. అడుగు అద్దం పటుక్కున చీలింది. అయినా ఎందుకు బిడ్డా ఇంక ఆ తొట్టి? గుజిరీకి, పాత సామాన్లోనికి ఎయ్యి. బాగు చేయించినా మళ్ల పలగ్గొడ్తది. మనిషే అట్లాంటిది."

మనిషే అట్లాంటిది... ఆ మాట అప్పుడే వీధంతా తిరిగి వచ్చింది. నిన్న పక్కింటి కృష్ణాబాయి టీ గ్లాసు అందిస్తూ, "జర జాగ్రత్తగ పట్టుకో అమ్మా," అని నవ్వింది. తొమ్మిదేళ్ల కాపురంలో పగిలిన ప్రతి కప్పూ, మాడిన ప్రతి కూరా తన నెత్తినే పడ్డాయి. పోనీలే అని తల వంచుతూనే వచ్చింది. కానీ ఈసారి వంచితే ఈ ఇంట్లో తన మాటను ఇక ఎవరూ, ఎప్పుడూ నమ్మరు. తొట్టి ఉంటే ఉంటుంది, పోతే పోతుంది. రాయి మాత్రం పడలేదు!

"మనిషిని మీరు పిలవక్కర్లేదు. నేనే పిలిచిన," అంది.

ఆ మాట పూర్తి కాకముందే గేటు చప్పుడైంది. రాయచూరులో అద్దాల పని చేసే ముసలి అమరేశప్ప సంచీ భుజాన వేసుకుని లోపలికి వచ్చాడు.

"ఎవరిని అడిగి పిలిచినవ్?" నిఖిలేశ్ గొంతు లేచింది.

"చేపలను అడిగిన."

అమరేశప్ప ఆ గొడవ పట్టించుకోలేదు. ఖాళీ తొట్టిలో చెయ్యి పెట్టి, పగులు వెంట వేలు మెల్లగా నడిపాడు. తర్వాత తొట్టిని ఒక పక్కకు వంచి అడుగు చూశాడు.

"ఏం పడింది అంటిరి?"

"రాయి," అంది హనుమమ్మ ఠక్కున.

"రాయి పడితే దెబ్బ పైన కనపడాలె గదవ్వా. పైన చూడు, నున్నగుంది. పెచ్చు కింది దిక్కు నుంచి లేచింది. నిండా నీళ్లున్న తొట్టి కింద చిన్న గట్టి ముక్క ఉన్నా అద్దం ఆగదు. కింద ఏం పెట్టినరు?"

"థర్మకోలు ఒక్కటే," అన్నాడు నిఖిలేశ్. పది రోజుల క్రితం తొట్టిని కడిగి స్టాండు మీద పెట్టింది అతనే. పెట్టి స్నానానికి వెళ్లాడు. వచ్చాక నీళ్లు నింపాడు.

అమరేశప్ప థర్మకోలు బయటికి లాగాడు. దాని మధ్యలో అరచేయంత చదరపు గుంట, అచ్చు గుద్దినట్టు!

సుమంగళకు చప్పున గుర్తొచ్చింది. నిన్న పొద్దున దేవుడి అరలో, పటాల వెనక కొత్తగా కనపడిన రాగి పలక... గబగబా వెళ్లి తెచ్చింది. గుంటలో పెట్టింది. వెంట్రుకంత సందు లేకుండా కూర్చుంది. పలక మీద యంత్రం గీతల నడుమ మేకుతో చెక్కిన పేరు: నిఖిలేశ్.

హనుమమ్మ గోడకు ఆనుకుని కూలబడింది.

"యరగేర ఊరి దిక్కు ఒక సాధువు ఇచ్చిండు... నీ కొడుకు నిప్పు పక్కన పని చేస్తడు, ఇది నీళ్ల కింద పెట్టు అన్నడు. నువ్వు స్నానానికి పోయినప్పుడు తొట్టి కింద దూర్చిన. బాయిలర్ కాడికి పోయిన నువ్వు తిరిగి వచ్చేదాక నాకు ముద్ద దిగదు బిడ్డా. అద్దం పగిలినంక పలక తీసి దాచిన. తెలిస్తే తిడ్తవని..."

"అందుకని తప్పు దీని మీద పెట్టినవా?" అన్నాడు నిఖిలేశ్.

"దాన్ని ఎట్లయినా తిడ్తవ్ గదా. దానికి కొత్త కాదనుకున్న."

నిఖిలేశ్ ముఖం తుడుచుకుని, "పోనీలే సుమంగళా. పెద్దది, భయపడి చేసింది. ఇంక వదిలెయ్యి," అన్నాడు.

"అత్తమ్మ భయపడి అబద్ధం చెప్పింది. మీకేం భయముండె?" సుమంగళ గొంతు తగ్గలేదు. "ప్లాంట్ల మోటారు చప్పుడు జర మారితే ఎందుకని గంటలు గంటలు వెతుకుతమని చెప్తరు గదా. ఇక్కడ ఒక్కసారన్న తొట్టి లేపి చూసినరా? ఇంట్ల నేను దొరికిన. ఇంక వెతకుడెందుకు అనుకున్నరు."

అతను గుంటలోంచి పలక తీసి తన పేరు చూసుకున్నాడు.

అమరేశప్ప సంచీ సర్దుకుంటూ నెమ్మదిగా అడిగాడు. "అడుగు అద్దం మార్చి, కొత్త గమ్ము పెట్టి, రెండు రోజులు ఆరనిస్తే బరాబర్ నిలుస్తది. చెయ్యమంటరా, ఒద్దా?"

"చెయ్యి," అన్నాడు నిఖిలేశ్.

"ఆగు పెద్దయ్యా," అంది సుమంగళ. "వీధిల నా మీద తిరిగిన మాట ముందు వాపస్ రావాలె. తర్వాతనే అద్దం. రాకుంటే తొట్టి గుజిరీకే పోనీ."

హనుమమ్మ కొడుకు వైపు చూసింది. అతను తల తిప్పుకోలేదు, సాయమూ రాలేదు. ముసలామె మోకాళ్లు పట్టుకుని లేచి, కొంగు భుజం నిండా కప్పుకుని గేటు దాటింది. ఒక క్షణం ఆగి, నిఖిలేశ్ ఒట్టి కాళ్లతో ఆమె వెనకే నడిచాడు.

గోడ అవతల నుంచి అత్తగారి గొంతు వినపడింది. "కృష్ణాబాయీ, తొట్టి పగిలింది నా తోటి. నా కోడలిది ఏం లేదు." ఆ వెంటనే నిఖిలేశ్ గొంతు, తడబడుతూ... "నేను కూడ చూడకుండనే ఆమెదే తప్పన్న అక్కా."

సుమంగళ కళ్లు అప్పుడు నిండాయి. కొంగుతో ఒత్తుకుని, "కొలత తీసుకో పెద్దయ్యా," అంది.

హనుమమ్మ తిరిగి వచ్చి, ఎవరి ముఖమూ చూడకుండా టబ్బు పక్కన కూర్చుంది. బిందె మీద చెయ్యి వేసి, "నీళ్లు మార్చాల్నా?" అని అడిగింది చిన్న గొంతుతో.

"ఒక్కసారి కుమ్మరిస్తే చస్తయి అత్తమ్మా. జరంత జరంత పోయాలె."

సుమంగళ గొంతులో కోపం ఇంకా చల్లారలేదు. కానీ చెంబు తెచ్చి ఆమె చేతికి అందించింది.